అడిగి నేర్చుకున్న లెక్కలు

పోయిన ఆదివారం శ్రావణి మా ఇంటికి వచ్చింది. మా కాలేజీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్న పిల్ల. వికారాబాద్‌లో మేముండేది అనంతగిరికి పోయే రోడ్డు మీద. ఆ రోజు గుట్టల మీద మబ్బు దిగి సన్నటి వాన పడుతోంది. తడిసిన చున్నీని కుర్చీ వీపుకు ఆరేసి, టీ కూడా ముట్టకుండా ఫోన్ తీసి నా ముందు పెట్టింది. ఫంక్షనల్ అనాలిసిస్‌లో ఒక లెక్క, దాని కింద ఆ ఫోనే చెప్పిన జవాబు, మొదటి వరస నుంచి చివరి చుక్క దాకా. "జవాబైతే వచ్చింది మేడం. కనీ నాకు ఎక్కుతలేదు," అంది. ఎవరొచ్చినా నేను మొదట అడిగే మాటే అడిగాను, ఎక్కడెక్కడ వెతికావని. "ఎక్కడెక్కడ దేవులాడినవ్?" ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. "నేనేడ దేవులాడలే మేడం. ఫోన్‌ని అడిగిన, చెప్పింది." నాకు కోపం రాలేదు. కోపపడే వయసు దాటానని కాదు. నాకు ఇప్పటికీ కోపం తొందరగానే వస్తుంది, మా ఆయన్ని అడిగితే చెబుతాడు. కానీ ఆ లెక్కను చూడగానే నాకు తాండూరు గుర్తొచ్చింది. అదే లెక్కను ముక్కూ మొహం తెలియని మనుషుల్ని ఇంటర్నెట్‌లో అడిగి, వాళ్లు చెప్పే జవాబు కోసం వారమంతా ఎదురుచూసిన రోజులు గుర్తొచ్చాయి.

మాది పెద్దేముల్ దగ్గర ఒక పల్లె. మేం కురుమలం. మా నాయిన బీరయ్యకు గొర్ల మంద ఉండేది, దానితో పాటు కంది వేసే కొంచెం చెలక. ఇంటి ముందే దొడ్డి. వానాకాలం వచ్చిందంటే తడిసిన ఉన్ని వాసన, గొర్ల మూత్రం వాసన, పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన కలిసి ఇల్లంతా నిండిపోయేవి. గొంగళ్లకు పట్టించడానికి అమ్మ చింతగింజలు ఉడికించి గంజి చేసేది. ఆ పుల్లటి బరువైన వాసన నా బడి బట్టలకు కూడా అంటుకునేది. పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకుంటే నేను పోట్లాడేదాన్ని. నాయిన పొద్దున మందను తోలుకుపోయి పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని, బీడీ ముట్టించి, ఏం మాట్లాడకుండా దొడ్డి వైపే చూస్తూ ఉండేవాడు. నలుగురిలో నోరు తెరిచే మనిషి కాదు. పెండ్లిళ్లలో కూడా ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుని, పిలిచినప్పుడు లేచి తినివచ్చేవాడు.

మంద కాసేవాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరిదైనా గొర్రె తప్పిపోతే, అతను తోటి కాపరుల దగ్గరికి వస్తాడు. వచ్చి తప్పిపోయిందని ఏడిస్తే ఎవరూ లేవరు. "యాడయాడ దేవులాడినవ్?" అని అడుగుతారు. వాగు ఒడ్డు చూశాను, కంది చేను చుట్టూ తిరిగాను, మొరం గుట్ట ఎక్కాను, ఇదిగో ఇక్కడి దాకా గిట్టల జాడ కనిపించింది, ఆ తర్వాత తప్పింది అని అతను చెప్పాలి. అప్పుడు అందరూ బీడీలు పారేసి, కర్రలు తీసుకుని, అతను చూడని దిక్కులకు లేచిపోతారు. దొరకలేదని చెప్పుకోవడంలో వాళ్లకు చిన్నతనం ఏమీ ఉండేది కాదు. చూసిన చోటే మళ్లీ చూసి పదిమంది కాళ్లు అరగ్గూడదు, అంతే. అది మా అరుగు మీద ఎన్నోసార్లు విన్నాను. నాకది గొర్ల ముచ్చట, అంతకంటే ఏం కాదు అప్పట్లో.

డిగ్రీ అయ్యాక తాండూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి చేరాను. రోజూ షేర్ ఆటోలో పోవడం, రావడం. దారి పొడుగునా బండల పాలిష్ మిషన్ల తెల్ల దుమ్ము. బడికి చేరేసరికి జుట్టు ముసలమ్మ జుట్టు అయ్యేది. పని చేస్తూనే ఎమ్మెస్సీ దూరవిద్యలో కట్టాను. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, ఫంక్షనల్ అనాలిసిస్ అనే రెండు మాత్రం నన్ను పట్టుకుని కూర్చున్నాయి. రాసిన ప్రతిసారీ తప్పాను. గైడులో ఉన్నది బట్టీ పడితే పరీక్షలో ప్రశ్న కొంచెం పక్కకు తిప్పి ఇచ్చేవారు, నా బట్టీ అంతా గంగలో కలిసేది. అడుగుదామంటే తాండూరులో ఆ లెక్కలు తెలిసిన మనిషి నాకు దొరకలేదు. హైదరాబాద్ పోయి ట్యూషన్ చెప్పించుకునే వీలు లేదు. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. ఈసారి తప్పితే రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది, మొదటి నుంచి మళ్లీ చేరాలి. మళ్లీ చేరే ఓపిక నాకూ లేదు, చేర్పించే ఓపిక ఇంట్లోనూ లేదు. కాలేజీలో పాఠం చెప్పాలన్న నా ఆశ మొత్తం ఆ రెండు పేపర్ల మీద నిలబడి ఉంది.

అప్పుడు తాండూరు బస్టాండు దగ్గర జరీనా ఆపా ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ముందు జిరాక్స్ మిషను, వెనక ప్లైవుడ్ తడికలు కట్టిన అరల్లో కంప్యూటర్లు. కింద తాండూరు బండలే, ఎండాకాలంలో చెప్పులు విప్పితే పాదాలకు హాయిగా ఉండేది. లెక్కల మీద ప్రశ్నలు అడిగితే దేశదేశాల వాళ్లు జవాబు చెప్పే చోటు ఒకటి ఉందని అక్కడే తెలిసింది. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. నా మొదటి ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మన దగ్గర ఎవరింటికైనా పని మీద పోతే గడపలోనే పని చెబుతామా? బాగున్నారా, వానలు పడ్డాయా, పిల్లలేం చేస్తున్నారు అని మాట్లాడి, నీళ్లు తాగి, అప్పుడు కదా అసలు మాట. నేనూ అట్లాగే రాశాను. గౌరవనీయులైన గణిత పండితులకు నమస్కారం, మీరూ మీ కుటుంబమూ క్షేమమని తలుస్తాను, నేను ఫలానా ఊరి దాన్ని, మా నాయిన గొర్లు కాస్తాడు, నాకిది చివరి అవకాశం, దయచేసి ఈ కింది లెక్కలన్నీ చేసి పంపగలరు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా పోసి సెలవు చిట్టీలాగా రాసి, కింద గైడులోని ప్రశ్నలన్నీ దించేశాను.

మరుసటి ఆదివారం వెళ్లి చూస్తే, ఎవరూ జవాబు రాయకుండా నా ప్రశ్నకు తాళం వేసేశారు. కింద ఒక్క వరస రాసి ఉంది. ఇది ఇంటిపని చేసిపెట్టే చోటు కాదు, ఒక్క లెక్క తీసుకుని మీరేం ప్రయత్నించారో రాయండి అని. నా నమస్కారానికి బదులు నమస్కారం కూడా లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జరీనా ఆపా జిరాక్స్ కాగితాలు సర్దుతూ నా ముఖం చూసి, "క్యా హువా బేటీ? ఎవరన్న ఏమన్న అన్నరా? గట్లాంటోళ్లుంటే చెప్పు, లైను కట్ చేస్త," అంది. ఆపా లైను కట్ చేస్తే ఎక్కడో ఉన్న ఆ మనిషికి ఏం నష్టమో తెలియదు కానీ, ఆ మాటకు కొంచెం తెరిపిన పడ్డాను.

ఇంటికి వచ్చేసరికి నాయిన అరుగు మీద ఉన్నాడు. పక్కన మల్లేశం చిన్నాయన, అంటే నాయిన తమ్ముడు. సంగతి చెప్పాను. చిన్నాయన వెంటనే అందుకున్నాడు. "అయిపాయె. పరాయోళ్లను లెక్కలడుగుడేంది? రాకుంటె రాదని ఇంట్ల కూసోవాలె గని. నలుగుర్లె తెలిస్తె మన ఇజ్జత్ ఏంగావాలె?" నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది. నాయిన మాత్రం చిన్నాయన మాట పట్టించుకోలేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"తిట్టిండా బిడ్డా?"

"తిట్టలే నాయినా. నువ్వేం ప్రయత్నం చేసినవో ముందు చెప్పుమన్నడు."

"గంతేనా? గది తిట్టెట్లైతది? యాడ దేవులాడినవ్ అని అడిగిండు. మనం అడగమా?"

నా చిన్నప్పటి నుంచి చెవిన పడుతున్న మాట, నాకు తట్టలేదు. నాయిన దాన్నేమీ గొప్ప సంగతిగా చెప్పలేదు. బీడీ ఆర్పి, గొర్ల లెక్క చూసుకోవడానికి దొడ్డిలోకి పోయాడు.

ఆ వారమంతా బడి అయ్యాక ఒకే లెక్క పట్టుకుని కూర్చున్నాను. లెక్క ఏమిటో మామూలు మాటల్లో చెబుతాను, భయపడకండి. మధ్యాహ్నం ఎండకు గొర్లు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి కిక్కిరిసి నిలబడతాయి. కొద్ది దిక్కులే ఉన్న చోట, ఒక హద్దు లోపల ఎన్నింటిని నిలబెట్టినా చివరికి కొన్ని దగ్గర దగ్గరికి రాక తప్పదు. కానీ దిక్కులకు అంతే లేని చోట, హద్దు దాటకుండానే, కొత్తగా వచ్చే ప్రతి ఒక్కటీ మిగతా అన్నింటికీ ఎడంగా నిలబడగలదు. అది నిజమని రుజువు చేయాలి. లంబకోణాలున్న చోట నేను చేయగలిగాను. అసలు కోణమనేదే లేని చోట, పొడవు ఒక్కటే తెలిసిన చోట, ఎడం ఎట్లా ఉంచాలో తెలియలేదు. ఇంకో దారిలో పోయి చిన్న చిన్న గోళాలతో కప్పబోయి, మధ్యలో లెక్క తప్పాను. ఆదివారం ఆపా సెంటరుకు వెళ్లి ఈసారి ఇవన్నీ రాశాను. ఈ దారిలో పోయాను, ఇక్కడ ఆగాను. ఆ దారిలో పోయాను, అక్కడ తప్పాను. ఇదిగో, ఇక్కడి దాకా జాడ ఉంది, ఆ తర్వాత లేదు. నమస్కారం మాత్రం మానలేదు. ఒక్క వరసకు కుదించానంతే.

తర్వాతి ఆదివారం ఆపా షట్టర్ ఎత్తకముందే వెళ్లి నిలబడ్డాను. జవాబు ఉంది! ఎవరో ఒక మనిషి, ఆడో మగో కూడా తెలియదు, పేరు స్థానంలో రెండు అక్షరాలు. మీరు ఆగిన చోటు సరైన చోటే అని మొదలుపెట్టి, తానే చేసిపెట్టకుండా దారి మాత్రం చూపించారు. ఇప్పటిదాకా నిలబెట్టినవన్నీ ఉన్న ఉపాంతరాళానికి బయట ఒక బిందువు తీసుకోండి. అక్కడి నుంచి దానికి దూరం ఎంతో చూడండి. ఆ దూరానికి రెట్టింపు దాటకుండా లోపల ఒక బిందువును ఎంచుకుని, దాన్ని ఇందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని దాని పొడవుతోనే భాగించండి. ఏమొస్తుందో చూసి మాకూ చెప్పండి. ఆపా ఇచ్చిన చెడిపోయిన జిరాక్స్ కాగితం వెనక అక్కడే చేశాను. వచ్చింది. ఎడం సగానికి తగ్గదు. ఎంతమంది వచ్చినా తగ్గదు. "ఆపా, వచ్చింది!" అని అరిచాను. పక్క అరల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఆపాకు అది ఏమిటో తెలియకపోయినా, "ముబారక్ బేటీ," అని చాయ్ తెప్పించింది. నా జీవితంలో అంత సంతోషపడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో అది మొదటిది.

నాయినకు చెప్పాను. సంతోషించాడు కానీ, ఆయనకు వేరే ఫికర్ పట్టుకుంది. "ఆయనకేమిచ్చినవ్ మరి?" అన్నాడు. ఏమీ ఇవ్వనక్కర్లేదు, అక్కడ అందరూ ఊరికే చెబుతారన్నాను. నాయినకు నచ్చలేదు. "ఉట్టిగ తీస్కుంటమా? గొర్రె దొరకవట్టినోనికి పాలన్న పోస్తం. ఆయన ఊరేదో అడుగు. ఒక గొంగడి పంపుదాం." ఎంత చెప్పినా వినలేదు. సిగ్గుపడుతూనే రాశాను, మా నాయిన మీకు మా ఇంటి గొంగడి పంపాలనుకుంటున్నాడు, చిరునామా ఇస్తారా అని. వారం తిరిగాక బదులొచ్చింది. మీ నాన్నగారికి కృతజ్ఞతలు, మేముండేది మండే ఎండల దేశం. ఇక్కడ బాకీ తీర్చే పద్ధతి ఒకటుంది, మీకు తెలిసిన ప్రశ్న ఎవరైనా అడిగితే మీరు జవాబు చెప్పండి అని. నాయిన మొదట మొండికేశాడు. "ఎండల గూడ గొంగడి పనికొస్తది. నేను కప్పుకుంటలేనా? ఆయనకు తెల్వదు." కాసేపు ఆలోచించి, "సరె, ఆయన గట్లన్నడు గద. గట్లనే చెయ్యి. మరువకు," అన్నాడు.

మరువలేదు. ఆ ఏడాది ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ఒక వారం ఆల్జీబ్రా, ఒక వారం అనాలిసిస్. ఒక ప్రధాన సంఖ్య వర్గమంత పరిమాణమున్న ఏ గ్రూపులోనైనా ఏ రెండింటిని గుణించినా వరస మారినా ఫలితం మారదు అన్నది తేల్చుకోవడానికి నాకు మూడు ఊళ్ల మనుషులు దారి చూపారు. నేను అడిగేది అడుగుతూనే, డిగ్రీ పిల్లలు అడిగే చిన్న చిన్న ప్రశ్నలకు నేనూ జవాబులు రాశాను. మొదటిసారి ఒక పిల్లవాడు గైడులోని ప్రశ్నలన్నీ దించి దయచేసి చేసిపెట్టమంటే, వాడికి నేనేం రాశానో చెప్పనక్కర్లేదు కదా. కాకపోతే నమస్కారానికి నమస్కారం పెట్టి రాశాను.

బడిలో ఈ సంగతి పొక్కింది. స్టాఫ్‌రూంలో ఒకాయన, "ఏం టీచరమ్మా, ఈ వారం ఏ దేశమోళ్లు చెప్తున్నరు లెక్కలు?" అని నవ్వేవాడు. చిన్నాయన కనబడ్డప్పుడల్లా ఇజ్జత్ పాట పాడేవాడు. పైకి మొండిగా ఉన్నా లోపల గుచ్చుకునేది. తెలివైనవాళ్లు సొంతంగా నేర్చుకుంటారని, అడిగేవాళ్లు తక్కువవాళ్లని చిన్నప్పటి నుంచి బళ్లో మనకు నూరిపోసినదే కదా. అందుకే బయట ఎవరైనా ఎట్లా చదువుతున్నావని అడిగితే, చదువుకుంటున్నాను అని మాత్రం అని ఊరుకునేదాన్ని. పరీక్ష రాశాను. రెండు పేపర్లూ పాసయ్యాను. అత్తెసరు మార్కులతో కాదు, మంచి మార్కులతో పాసయ్యాను, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆ తర్వాత వికారాబాద్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది.

ఇప్పటి పిల్లలను నేను తిట్టను. శ్రావణి ఫోన్ చెప్పిన జవాబులో తప్పేమీ లేదు, నేను చూశాను. నాకు వారం పట్టినది ఆమెకు టీ చల్లారేలోపు వచ్చింది. అంత తొందరగా నాకు వచ్చి ఉంటే నేనూ వద్దనేదాన్ని కాదు. కానీ అప్పట్లో నాకు జవాబులు రాసే మనుషులు నన్ను తిరిగి ఏదో అడిగేవాళ్లు. నేను ఆగిన చోటు సరైనదేనని చెప్పేవాళ్లు. చూసి మాకూ చెప్పు అనేవాళ్లు. ఆ చిన్న మాట కోసం నేను వారమంతా చదివేదాన్ని. శ్రావణికి కాగితం ఇచ్చి, ఫోన్ బోర్లా పెట్టించి, నువ్వు ఎక్కడిదాకా పోగలవో పో అన్నాను. కోణాల దగ్గరే ఆగింది, నేను ఆగిన చోటే. ఆమె ఆగిన చోటు సరైన చోటే అని నేనూ చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగింది. ఆ వెలుగు చూస్తుంటే నాయిన లేకపోవడం ఆ రోజు మరీ ఎక్కువగా తోచింది. ఆయన పోయి ఎక్కువ కాలం కాలేదు.

ఆయన మాట ఒకటి చెప్పి ముగిస్తాను. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు పెద్దేముల్ బడిలో సన్మానం పెట్టారు. నన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెడలో దండ వేశారు. నాయినను ముందు వరసలో కూర్చోమంటే మొదట ఒప్పుకోలేదు, చేయి పట్టుకుని కూర్చోబెట్టారు. హెడ్‌మాస్టరు గారు మైకు అందుకుని నన్ను తెగ పొగిడారు. "గొర్లు కాసే ఇంట్ల పుట్టి, గురువు లేకుండ, ఎవ్వరి సాయం లేకుండ, ఒక్కతే కూసోని ఇంత పెద్ద చదువు చదివిందమ్మా మన ఊరి బిడ్డ," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు లోపల చిన్న ముల్లు కదిలింది, అయినా తల వంచుకుని నవ్వాను. ఆ క్షణంలో నిజం చెప్పాలని నాకు తట్టలేదు, తట్టినా ధైర్యం చాలేది కాదేమో. నాయిన చప్పట్లు కొట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కొత్త చోటు కదా, బిడియం అనుకున్నాను.

చప్పట్లు ఆగాక నాయిన లేచాడు. నలుగురిలో నోరు తెరవని మనిషి, తలపాగా సర్దుకుని, మైకు కూడా లేకుండా మాట్లాడాడు.

"తప్పనుకోకుండ్రి సారూ. ఎవ్వరి సాయం లేకుండ అనకుండ్రి. మా బిడ్డ మస్తు మందిని అడిగింది. వాళ్ల మొకాలు మేం చూడలే, పేర్లు గూడ తెల్వయి. పనులిడిసిపెట్టి చెప్పిన్రు. మీరు గట్లంటె వాళ్లు చేసింది యాడికి పోవాలె? రాదని చెప్పి, అడిగి నేర్సుకుంది నా బిడ్డ. నాకు గదే గొప్ప."

చెప్పి కూర్చున్నాడు. వెనక వరసలో చిన్నాయన తల పైకెత్తి చూశాడు. నా కళ్లు మసకబారాయి. అన్నాళ్లూ నేను దాచుకుంటూ వచ్చినదాన్ని ఆయన ఊరందరి ముందూ తీసి, ఇదే గొప్ప అని పెట్టాడు. ఇక దాచుకోవాల్సిన పని నాకు ఎప్పటికీ లేకపోయింది. హెడ్‌మాస్టరు గారు పెద్దమనిషి. చిన్నబుచ్చుకోలేదు. మళ్లీ మైకు దగ్గరికి వెళ్లి, "బీరయ్య చెప్పిందే నిజం. నా మాట వాపస్ తీస్కుంటున్న. పది మందిని అడిగి, పది మంది చెప్తె నేర్సుకున్న మన ఊరి బిడ్డకు ఇంకొక్కసారి కొట్టుండ్రి," అన్నారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఈసారి మా నాయిన అందరికంటే గట్టిగా కొట్టాడు.